ఆగిన మనిషినే సంతకం అడగండి
భిలాయిలో నాయకుల ఆటోగ్రాఫ్ కోసం వెళ్ళేవారు చేయవలసినవి, చేయకూడనివి

భిలాయి పెరిగిందే పెద్ద నాయకుల రాకపోకల మధ్య. 1955 ఫిబ్రవరి 2న ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ స్వయంగా వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నెహ్రూ పలుమార్లు వచ్చారు. 1960లో కృశ్చేవ్ వచ్చారు. 2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ విస్తరించిన ప్లాంటును జాతికి అంకితం చేసి, భిలాయి ఐఐటీకి శంకుస్థాపన చేసి, జయంతి స్టేడియంలో సభ జరిపారు. ఇలాంటి ఊళ్ళో పిల్లలకు ఆటోగ్రాఫ్ పుస్తకం మీద మోజు ఉండడం సహజం. ఆ మోజు మంచిదే. శ్రీకాకుళం నుంచి ఉక్కు పనికి వచ్చిన ఇళ్ళలో పుట్టిన మాకు, దేశం నడిపే మనిషి చేతిరాత మన పుస్తకంలో ఉండడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళే దారిలో ప్రమాదం ఉంది. నేను పదో తరగతిలో ఉండగా ఒక సభలో, నాయకుడు మా వైపు తిరగ్గానే వెనకనున్నవాళ్ళంతా ఒక్కసారి ముందుకు తోశారు. నా పుస్తకం జారి కింద పడింది. తీసుకుందామని వంగాను. ఖుర్సీపార్‌లో మా వీధి మావయ్య ఒకాయన నా కాలర్ పట్టుకుని పైకి లాగి, ‘ఒరేయ్, పుస్తకం పోతే పోయింది, ముందు నువ్వు లే’ అని అరిచారు. ఆ పుస్తకం మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు మా ఇంటి పిల్లలు కూడా పుస్తకాలు కొనుక్కుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది

సంతకం పెట్టాలంటే మనిషి ఆగాలి. ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో కలం పట్టుకోవాలి. తల దించాలి. ఆ పది సెకన్లు ఆయన చుట్టూ చూడలేరు. భద్రతా సిబ్బందికి ఆ పది సెకన్లంటేనే భయం. కాబట్టి నడుస్తున్న నాయకుణ్ణి, కారులో వెళ్తున్న నాయకుణ్ణి, చేయి ఊపుతూ జనంలోంచి సాగిపోతున్న నాయకుణ్ణి సంతకం అడగకండి. కూర్చున్నప్పుడో, నిలబడి ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడో అడగండి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

బయలుదేరే ముందు

ఆ రోజు ఏం జరుగుతుందో తెలుసుకోండి. మైదానంలో బహిరంగ సభ అయితే ఆటోగ్రాఫ్ ఆశ ఇంట్లోనే వదిలి, ఉపన్యాసం వినడానికి మాత్రమే వెళ్ళండి. ప్రధాని స్థాయి సభల్లో వేదికకూ జనానికీ మధ్య ఎవరినీ రానివ్వని ఖాళీ స్థలం వదులుతారు. బారికేడ్ దూకి అందులోకి దిగినవాణ్ణి అభిమాని అనుకోరు, నేరుగా పోలీసు జీపు ఎక్కిస్తారు. అదే సివిక్ సెంటర్ కళామందిర్‌లో సన్మాన సభో, సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర మన తెలుగువాళ్ళ కార్యక్రమమో, బడి వార్షికోత్సవమో అయితే, ముఖ్య అతిథి ఎంత పెద్దవారైనా కాసేపు ఒక కుర్చీలో కూర్చుంటారు. అడగవలసిన చోటు అదే.

నిర్వాహకులను రెండు రోజుల ముందే కలవండి. పుస్తకంలో ఏ పేజీలో సంతకం కావాలో అక్కడ చీటీ పెట్టి, పేరు రాసి వాళ్ళకు ఇచ్చేయండి. ఎదురుగా నిలబడి తీసుకున్న తృప్తి ఇందులో లేదని పిల్లలు అంటారు. నిజమే. కానీ నా దగ్గరున్న మంచి సంతకాల్లో సగం ఇలా వచ్చినవే. వాటిలో ఒక్కటీ తొందరలో గీసినట్టు ఉండదు.

తీసుకెళ్ళవలసినవి కొద్దే: చిన్న పుస్తకం, మూత ఉన్న రెండు బాల్ పెన్నులు, గుర్తింపు కార్డు, కొంచెం డబ్బు, ఫోను. సంచి వద్దు. సిరా సీసా, అగ్గిపెట్టె, లైటర్, పవర్ బ్యాంక్, లోహపు నీళ్ళ సీసా అసలే వద్దు. నాయకుల మీద సిరా చల్లిన ఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి కాబట్టి ఫౌంటెన్ పెన్ను చూసినా సిబ్బంది అనుమానిస్తారు. నల్ల చొక్కా, నల్ల కండువా వేసుకోకండి. నిరసన తెలపడానికి వచ్చారనుకుని గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్లాంట్ ఉద్యోగులకు ఇంకొక మాట. ప్రభుత్వ రంగ ఉద్యోగుల ప్రవర్తన నియమాలు పార్టీ రాజకీయాల్లో పాల్గొనడాన్ని ఒప్పుకోవు. గేట్ పాస్ మెడలో వేలాడుతుండగా, డ్యూటీ హెల్మెట్ నెత్తిన ఉండగా ఏ పార్టీ సభకూ వెళ్ళకండి. నాయకుడి పక్కన దిగిన ఫోటో రేపు మీ బల్ల మీదికి సంజాయిషీ నోటీసుగా రావచ్చు. ప్లాంట్ లోపలికి పెద్దలు వచ్చిన రోజున పని వదిలి చూడ్డానికి పరుగెత్తడం మరీ ప్రమాదం. అక్కడ తల మీద క్రేన్లు తిరుగుతుంటాయి, కాళ్ళ కింద పట్టాలుంటాయి.

చేతులు, నడుము

1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్ళారు. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో దండ పట్టుకుని వచ్చిన ఒక మహిళ, పాదాలకు నమస్కరిస్తున్నట్టు వంగి, ఒంటికి కట్టుకున్న బాంబు పేల్చింది. ఛత్తీస్‌గఢ్‌లోనే 2013 మే 25న ఝీరమ్ లోయలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద మావోయిస్టులు దాడి చేసి మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ వంటివారిని చంపారు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర చంద్రబాబు నాయుడు కాన్వాయ్ వెళ్తుండగా మందుపాతరలు పేలాయి. నాయకుడి పక్కనున్న గన్‌మన్ మిమ్మల్ని కఠినంగా చూస్తున్నాడంటే కారణం ఇవే. మీ మీద ఆయనకు కోపమేమీ లేదు.

కాబట్టి:

చేయండి: నాయకుడు దగ్గరికి రాకముందే పుస్తకమూ పెన్నూ చేతిలోకి తీసుకోండి. పేజీ తెరిచి, రెండు చేతులూ కనిపించేలా గుండెల ఎత్తున పట్టుకోండి. ముందుగా నాయకుణ్ణి కాకుండా పక్కనున్న సిబ్బందిని కళ్ళతో అడగండి. సిబ్బంది తల ఊపితేనే కదలండి. తెలుగు నాయకుడైతే ‘అయ్యా, ఒక్క సంతకం’, ఇక్కడివారైతే ‘సర్, హస్తాక్షర్ దే దీజియే’, అంతే. ఊరు, చుట్టరికం, అర్జీ ఏవీ కలపకండి.

చేయకండి: జేబులో, జాకెట్టులో ఒక్కసారిగా చేయి పెట్టకండి. పాదాలకు వంగకండి. మన పెద్దలు నేర్పిన మర్యాదే అది, కానీ శ్రీపెరుంబుదూరు తర్వాత ఆ వంగడమే భద్రతా సిబ్బందిని ఉలిక్కిపడేలా చేస్తుంది. భుజం మీద చేయి వేయకండి. వెనక నుంచి పిలవకండి. ‘వద్దు’ అంటే మళ్ళీ అడగకండి.

కదిలే బండి

కాన్వాయ్ పక్కన పరుగెత్తడం, కిటికీలోంచి పుస్తకం అందించడం, కారు అంచు పట్టుకుని వేలాడడం, వీటిలో ఏదీ ఒక్కసారి కూడా చేయకండి. 2025 జూన్‌లో గుంటూరు దగ్గర ఒక నాయకుడి పర్యటనలో వాహనం కింద పడి ఒక మనిషి చనిపోయాడు. డ్రైవరుకు ముందున్న జనం కనిపిస్తారు కానీ చక్రం పక్కన పడినవాడు కనిపించడు. హెలికాప్టర్ దిగేచోట ఇంకా దూరంగా ఉండండి. రెక్కల గాలికి దుమ్ము, చిన్న రాళ్ళు లేచి కళ్ళలో పడతాయి. తోక రెక్క తిరుగుతున్నప్పుడు కంటికి ఆనదు.

గుంపు బిగుసుకుంటే

మనం తొక్కిసలాట అంటాం. ఆ మాట వింటే కాళ్ళ కింద నలిగి చనిపోతారనే అనుకుంటాం. కానీ గుంపుల్లో చనిపోయేవారిలో ఎక్కువమంది నిలబడి ఉండగానే, ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకు నలుగురున్నప్పుడు ఇంకా మన అడుగు మన చేతిలో ఉంటుంది. ఐదారుగురు దాటితే జనం నీళ్ళలా కదులుతారు, మన బలం పనికిరాదు.

2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు నాయుడు రోడ్ షోలో జనం కిక్కిరిసి, పక్కనున్న కాలువలో పడి 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు మహిళలు పోయారు. 2025 సెప్టెంబరు 27న తమిళనాడు కరూరులో విజయ్ సభలో 41 మంది పోయారు. ఆ సభల్లో ఎవరూ చావడానికి వెళ్ళలేదు. అభిమానంతో గంటలకొద్దీ ఎదురుచూసి, ఆ మనిషి కనబడగానే ముందుకు కదిలారు.

మైదానంలోకి వెళ్ళగానే మీరు వచ్చిన గేటు కాక ఇంకొకటి ఎక్కడుందో చూసి పెట్టుకోండి. కాలువ, గోడ, బారికేడ్ మీకు ఆనుకుని ఉండకూడదు. నాలుగు వైపులా భుజాలు తగులుతున్నాయంటే నాయకుడు రాకముందే బయటికి వచ్చేయండి. ఆయన వచ్చాక బయటికి రావడం కుదరదు. చిక్కుకుపోతే రెండు చేతులూ ఛాతీ ముందు, మోచేతులు కొంచెం ఎడంగా పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి. తోపుడుకు ఎదురు నిలవకండి. అది కాస్త ఆగినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు అడుగు వేయండి. అరిచి ఊపిరి వృథా చేయకండి. చెప్పు, ఫోను, పుస్తకం ఏది పడినా వంగకండి. మీరే పడితే వెంటనే లేవండి. లేవలేకపోతే పక్కకు తిరిగి ముడుచుకుని, చేతులతో తల కప్పుకోండి.

సభ చెప్పిన వేళకు మొదలవ్వదు. భిలాయి మే నెల ఎండలో మూడు గంటల నిరీక్షణ అంటే వడదెబ్బే. కడుపు నిండా నీళ్ళు తాగి బయలుదేరండి. ఓఆర్ఎస్ పొట్లం దగ్గర ఉంచుకోండి. కళ్ళు తిరుగుతున్నట్టు అనిపించగానే అంచుకు వచ్చి కూర్చోండి. పిలవవలసిన నంబర్లు 112, అంబులెన్స్‌కు 108. టౌన్‌షిప్‌లో పెద్ద ఆసుపత్రి సెక్టార్ 9లో ఉంది.

దేని మీద పెట్టించుకోవాలి

ఉత్త తెల్ల కాగితం చాపకండి. తెల్ల కాగితం మీది సంతకం పైన ఎవరు ఏమైనా రాసుకోవచ్చు కాబట్టి జాగ్రత్త తెలిసిన నాయకులు పెట్టరు, పెట్టకూడదు కూడా. ముందు సంతకాలు కనిపించే ఆటోగ్రాఫ్ పుస్తకం, ఆయన రాసిన పుస్తకం, ఆయన ఫోటో ఇవే సరైనవి. జాతీయ పతాకం మీద ఏ రాతా రాయకూడదని చట్టం చెబుతుంది. త్రివర్ణం చాపి సంతకం అడిగితే మీరు తప్పులోకి దిగి, నాయకుణ్ణీ దించినట్టే. నోట్ల మీద రాయించుకోవద్దు. రాజకీయ సందేశం రాసిన నోటును బ్యాంకు మార్చి ఇవ్వదు. చేతి మీద, చొక్కా మీద సంతకాలు నిలవవు. కొనుక్కునే సంతకాలను నేను సంతకాలుగానే లెక్కపెట్టను. వాటిలో దొంగవి చాలా ఉంటాయి, యంత్రంతో గీసినవీ ఉంటాయి.

అయితే తన సంతకానికి తానే వెల కట్టిన మహానుభావుడు ఒకరున్నారు. 1933 నవంబరులో గాంధీజీ హరిజన యాత్రలో మన పక్కనున్న దుర్గ్ వచ్చారు. ఆ కాలంలో ఆయన ఆటోగ్రాఫ్ కావాలంటే హరిజన నిధికి ఐదు రూపాయలు ఇవ్వాలి.

పిల్లలతో

పన్నెండేళ్ళలోపు పిల్లలను బహిరంగ సభకు ఆటోగ్రాఫ్ కోసం తీసుకెళ్ళకండి. భుజాల మీద కూర్చోబెట్టుకుని ముందుకు తోసుకు వెళ్ళే తండ్రులను చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి. ఆ తండ్రి తూలితే బిడ్డ అంత ఎత్తు నుంచి గుంపులోకి పడుతుంది. పిల్లవాడిని ముందుకు పంపి ‘నువ్వు చిన్నవాడివి, నిన్నేమీ అనరు’ అనకండి. రాయపూర్‌లో ముఖ్యమంత్రి జనం అర్జీలు తీసుకునే జనదర్శన్‌కు కూడా ఆటోగ్రాఫ్ కోసం వెళ్ళకండి. అక్కడ వరుసలో నిలబడినవాళ్ళు జబ్బుతో, భూమి గొడవతో వచ్చినవాళ్ళు. మన పుస్తకం వాళ్ళ నిమిషాన్ని తినకూడదు.

పిల్లలకు అన్నిటికన్నా భద్రమైన దారి ఉత్తరం. రాష్ట్రపతి భవన్‌కు, మంత్రి కార్యాలయానికి, శాసనసభ్యుడి ఇంటికి సొంత చేతిరాతతో ఒక పేజీ రాయించండి. తిరుగు చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టండి. రెండు నెలలు ఆగండి. అన్నిటికీ జవాబు రాదు. వచ్చిన దానిలో అచ్చు సంతకం ఉండవచ్చు, అసలుదీ ఉండవచ్చు.

ఈసారి జయంతి స్టేడియంలో సభ అనగానే ఇంట్లో పిల్లలు పుస్తకం తీస్తారు. పన్నెండేళ్ళు దాటినవాడు వెళ్తానని పట్టుబడితే, వాడి చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. గేటు బయట ఒక చెట్టో, దుకాణమో చూపించి, తప్పిపోతే అక్కడే నిలబడమని చెప్పండి. పుస్తకం పడిపోతే వదిలేయమని, ఇంకొకటి కొనిస్తానని ముందే మాట ఇవ్వండి.