గేర్ బాక్సు మార్చిన జీపునకు స్పీడోమీటరు సరిచేయు విధము

కోదాడ, చిలుకూరు, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతములు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనివి. 1967లో సాగర్ కాలువలకు నీరు విడిచిన పిదప ఇచ్చట వరిసాగు పెరిగినది. ధాన్యము, ఎరువులు, కూలీలను చేరవేయుటకు జీపులు, ట్రాక్టర్లు నిత్యావసరములైనవి. పాత జీపు గేర్ బాక్సు అరిగిపోయినచో మరొక బండి గేర్ బాక్సును అమర్చుకొనుట కద్దు. అటుపిమ్మట బండి చక్కగా నడిచినను, మీటరు తప్పు చూపవచ్చును. ఇది చిన్న విషయము కాదు. కిరాయి లెక్క, డీసెలు లెక్క, ఆయిలు మార్చు గడువు అన్నియు ఆ మీటరుపైననే ఆధారపడి యున్నవి.

మీటరు తప్పుటకు కారణము

గేర్ బాక్సు వెనుకనుండి బయటకు వచ్చు షాఫ్టుమీద ఒక చిన్న గేరు ఉండును. దానిని షాఫ్టు గేరు అందము. దానితో కలిసి తిరుగు మరొక గేరు స్పీడోమీటరు కేబులును త్రిప్పును. ఇది కేబులు గేరు. ఈ రెండు గేర్ల పళ్ళ సంఖ్యలు బండి టైర్లకు, వెనుక ఇరుసులోని క్రౌను-పినియన్ నిష్పత్తికి తగినట్లు కుదిర్చి యుందురు. క్రొత్త గేర్ బాక్సులోని పళ్ళు మరొక బండికి కుదిర్చినవి. కనుక లెక్క తప్పును.

మొదటి గేరు, రెండవ గేరు నిష్పత్తులు మారుటవలన మీటరు తప్పునని కొందరు తలచెదరు. అది సరికాదు. మీటరుకు చలనము అందునది గేర్లన్నియు దాటిన తరువాతనే.

లెక్క కట్టు పద్ధతి

1. బండిలో మామూలు బరువు ఉంచి, టైర్లలో సరియైన గాలి నింపి, వెనుక టైరుమీదను నేలమీదను సున్నముతో గుర్తు పెట్టవలెను. చక్రము పది చుట్లు తిరుగువరకు బండిని తిన్నగా నెట్టి దూరము కొలువవలెను. 20 మీటర్లు వచ్చినచో చుట్టుకు 2 మీటర్లు. అనగా కిలోమీటరుకు 500 చుట్లు.

2. క్రౌను పళ్ళను పినియన్ పళ్ళచే భాగింపవలెను. క్రౌనుకు 40, పినియన్‌కు 8 పళ్ళున్నచో నిష్పత్తి 5. షాఫ్టు కిలోమీటరుకు 500 × 5 = 2,500 చుట్లు తిరుగును.

3. కిలోమీటరుకు కేబులు ఎన్ని చుట్లు తిరుగవలెనో పెక్కు మీటర్ల ముఖముమీదనే ముద్రించి యుందురు. మన ఉదాహరణలో అది 1,000 అనుకొందము. పాత మీటర్లలో ఈ సంఖ్య మైలుకు చెప్పినది కావచ్చును. అట్లయినచో 1.609తో భాగింపవలెను.

4. షాఫ్టు చుట్లను షాఫ్టు గేరు పళ్ళతో హెచ్చించి, మీటరు సంఖ్యతో భాగించినచో కేబులు గేరుకు కావలసిన పళ్ళు వచ్చును.

పాత షాఫ్టు గేరుకు 8 పళ్ళు ఉండెననుకొనుడు. 2,500 × 8 ÷ 1,000 = 20. పాత కేబులు గేరుకు 20 పళ్ళు సరిపోయినవి. క్రొత్త బాక్సులో షాఫ్టు గేరుకు 6 పళ్ళే యున్నచో, ఆ 20 పళ్ళ గేరుతో కేబులు 750 చుట్లే తిరుగును. బండి 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా ముల్లు 45 చూపును. 100 కిలోమీటర్లు తిరిగిన కిరాయికి 75 మాత్రమే లెక్కకు వచ్చును. కావలసినది 2,500 × 6 ÷ 1,000 = 15 పళ్ళ గేరు.

ముల్లు 45 చూపుచున్నదని నమ్మి, ధాన్యము ఆరబోసిన రోడ్డుమీద 60తో పోవు డ్రైవరుకు బ్రేకు వేసిన తరువాత బండి ఆగు దూరము సుమారు ఒకటిముప్పాతిక రెట్లగును. ప్రాణములకు సంబంధించిన లెక్క ఇది.

అమర్చునపుడు జాగ్రత్తలు

పళ్ళ సంఖ్య మారినచో గేరు వ్యాసము కూడ మారును. కనుక దానికి తగిన తొడుగు ఉన్నదో లేదో చూడవలెను. పళ్ళ వాలు కుడివైపో, ఎడమవైపో పోల్చుకొనవలెను. బలవంతముగా దూర్చిన గేరు త్వరలోనే అరిగిపోవును. కావలసిన గేరు దొరకనిచో కేబులునకు నడుమ అమర్చు చిన్న నిష్పత్తి పెట్టెలు కలవు. కేబులు లేక సెన్సారుతో పనిచేయు బండ్లకు కూడ లెక్క ఇదే. కాని అందు సవరణ విద్యుత్ పరికరముతో చేయుదురు.

పరీక్ష

రోడ్డు ప్రక్కనున్న కిలోమీటరు రాళ్ళ వెంట 10 కిలోమీటర్లు నడిపి, మీటరులోని అంకెలు ఎంత జరిగినవో చూడుడు. అంకెలు సరిగానుండి ముల్లు మాత్రమే తప్పినచో దోషము గేర్లది కాదు, మీటరుదే. టైర్ల సైజు మార్చినపుడును ఈ పరీక్ష తిరిగి చేయవలెను.

ట్రాక్టరు గంటల మీటరు సంగతి వేరు. పెక్కు ట్రాక్టర్లలో అది ఇంజనుచే నడుచును. గేర్ బాక్సు మార్చినను దాని లెక్క మారదు. అయితే అదే మీటరుమీద రోడ్డు వేగము కూడ ముద్రించి యున్నచో, ఆ అంకెలను మాత్రము నమ్మరాదు.

కడపటి మాట: రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగు మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. కనుక గేర్ బాక్సు విప్పుటకు ముందే రవాణా శాఖ కార్యాలయములో విచారించుకొనుట మేలు.