సంస్కరణ ఎవరికి అందింది?

అమెరికా చరిత్రలో సామ్రాజ్య విస్తరణ, సంఘ సంస్కరణ అనే రెండు పాఠాలను మనం విడివిడిగా చదువుతాం. నిజానికి అవి ఒకే కాలానివి. కలిపి చదివితేనే అసలు విషయం బోధపడుతుంది.

అంతర్యుద్ధం తర్వాత అక్కడ ఫ్యాక్టరీలు విపరీతంగా పెరిగాయి. సరుకులకు విదేశీ మార్కెట్లు, ఓడలకు స్థావరాలు కావలసివచ్చాయి. 1898లో స్పెయిన్‌ను ఓడించి అమెరికా ప్యూర్టోరికో, గువామ్‌లను తీసుకుంది. 2 కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌నూ పొందింది. స్వాతంత్ర్యం కోరిన ఫిలిప్పీన్స్ ప్రజలతో 1899లో యుద్ధానికి దిగింది. ఆ దేశానికి 1946లో గాని స్వాతంత్ర్యం రాలేదు.

ఇంటి దగ్గర మాత్రం సంస్కరణలు సాగాయి. 1906లో ఆహార కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. 1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది చనిపోయాక ఆ రాష్ట్రం కార్మిక భద్రతా చట్టాలు చేసింది.

అయితే నల్లజాతివారికి రైలులో వేరు పెట్టెలు ఉండటం సమంజసమేనని 1896లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్తగా కలిపిన దీవులకు రాజ్యాంగం పూర్తిగా వర్తించదని 1901లో అదే కోర్టు తీర్పునిచ్చింది.

ఈ గీతను ఒప్పుకోనివారూ ఉన్నారు. చికాగో పేదవాడలో 1889లో హల్ హౌస్ స్థాపించిన జేన్ ఆడమ్స్ ఫిలిప్పీన్స్ ఆక్రమణను వ్యతిరేకించారు, 1909లో నల్లజాతి హక్కుల సంఘం ఏర్పాటుకూ తోడ్పడ్డారు. ఆ సంస్కరణల కాలంలోనే, 1913 నుంచి 1916 వరకు, మన అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు.

కాబట్టి మిత్రులారా, ఏ సంస్కరణ గురించి చదివినా దాని సంవత్సరంతోపాటు అది ఎవరికి అందిందో, ఎవరిని వదిలేసిందో కూడా మనం రాసుకుందాం.