డబ్బా పొడి వద్దు, పప్పు పెంచండి

ప్రశ్న: ఇంట్లో నలుగురం. నెల సరుకుల డబ్బు బియ్యం, నూనె, పాలకే అయిపోతోంది. పిల్లల బలానికి డబ్బా పొడి కొనమంటున్నారు. కొనాలా? తక్కువ ఖర్చులో మంచి తిండి ఎలా పెట్టాలి?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: కొనకండమ్మా. ఆ డబ్బుతో పెసలు, శనగలు, పల్లీలు, గుడ్లు తెచ్చుకోండి. వంద గ్రాముల పప్పులో 20 గ్రాములకు పైగా, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల రోజు భోజనంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. మన కంచాల్లో మాత్రం అన్నం ఎక్కువ, పప్పు పల్చన. ముందు మార్చాల్సింది ఇదే.

వారంలో రెండు మూడు పూటలు రాగి సంకటి గానీ జావ గానీ చేయండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మునగాకు, తోటకూర పప్పులో వేసి, దించాక నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

కూరగాయలు ఏ కాలానివి ఆ కాలంలో, రైతు బజార్లో కొనండి. వేపుళ్లు తగ్గిస్తే నూనె ఖర్చూ తగ్గుతుంది. ఆరేళ్లలోపు పిల్లలుంటే అంగన్‌వాడీలో పేరు రాయించండి. అక్కడ తిండి ఉచితం, బరువు కూడా చూస్తారు. బరువు పెరగకపోతే డాక్టరుకు చూపించండి.