ఋషికుల్య తీరాన

(పాఠ్యభాగ ఉద్దేశం: తాము నివసించే ప్రాంతపు చరిత్రను, గుళ్లను, ఆహారపు అలవాట్లను తెలుసుకోవడం, ఇరుగుపొరుగు భాషల పట్ల ఆదరం పెంచుకోవడం, ప్రాచీన సంపదను కాపాడవలసిన బాధ్యతను గుర్తించడం.)

గంజాం జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ జిల్లాలో ఎక్కువ భాగం అందులో చేరింది. ఇప్పటికీ ఇక్కడ ఒడియా, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి.

బరంపురంలోని ఒక పాఠశాలలో చదివే తెలుగు విద్యార్థులు రెండు రోజుల విహారయాత్రకు బయలుదేరారు. సూర్యోదయానికే బస్సు కదిలింది. పురుషోత్తంపురం దగ్గర ఋషికుల్య నది ఒడ్డున ఉన్న జౌగడ వారి మొదటి మజిలీ. ఒడియాలో ‘జౌ’ అంటే లక్క. ఈ కోటను పూర్వం లక్కతో కట్టారని స్థానికులు కథగా చెప్పుకుంటారు. ఇప్పుడు అక్కడ మిగిలింది మట్టి గోడల ఆనవాళ్లు, ఒక పెద్ద బండ. ఆ బండ మీద అశోకుడు క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ధర్మాజ్ఞలు చెక్కించాడు. చాలా చోట్ల రాతి పెచ్చులు ఊడి అక్షరాలు చెరిగిపోయాయి.

“మాస్టారూ, కళింగ యుద్ధం సంగతి ఇందులో రాసి ఉందాండీ?” అని ఒక విద్యార్థిని అడిగింది.

“లేదమ్మా. ఆ యుద్ధాన్ని వర్ణించే పదమూడో శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. కళింగంలోని జౌగడలోనూ ధౌళిలోనూ మాత్రం అది లేదు. ఓడిపోయిన ప్రజల ముందు ఆ గాయాన్ని మళ్లీ కెలకడం రాజుకు ఇష్టం లేకపోయిందని చరిత్రకారులు ఊహిస్తారు. దానికి బదులు ఇక్కడి అధికారుల కోసం వేరే ఆజ్ఞలు చెక్కించాడు. జనులందరూ తన బిడ్డలేననీ, బిడ్డల మేలు కోరినట్టే వారి మేలునూ కోరుతున్నాననీ వాటిలో చెప్పాడు. పుష్యమీ నక్షత్రం నాడు ఈ ఆజ్ఞలను అందరికీ చదివి వినిపించాలని కూడా ఆదేశించాడు” అన్నారు మాస్టారు.

పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అక్కడినుంచి వారు తారాతారిణి కొండ చేరుకున్నారు. కొండ కింద ఋషికుల్య వంపు తిరిగి పారుతుంది. తొమ్మిదివందల తొంభై తొమ్మిది మెట్లెక్కితే అక్కచెల్లెళ్లయిన ఇద్దరు అమ్మవార్ల గుడి వస్తుంది. చైత్రమాసంలో మంగళవారాలు ఇక్కడ పెద్ద జాతర. ఒడియావారూ తెలుగువారూ పసిబిడ్డలకు ఇక్కడే పుట్టువెంట్రుకలు తీయిస్తారు.

సాయంత్రానికి బస్సు బుగుడా చేరింది. అక్కడి విరించి నారాయణ దేవాలయం సూర్యభగవానుడిది. ఘుముసర రాజు శ్రీకర భంజదేవ్ దీనిని 18వ శతాబ్దం చివర కట్టించాడు. కొయ్యపని దీని ప్రత్యేకత. స్తంభాలు, ద్వారాలు, పైకప్పు చెక్కడపు పనితో నిండి ఉన్నాయి. గోడల మీద రామకథ రంగుల బొమ్మలుగా కనిపిస్తుంది. ఒక కుర్రవాడు ముచ్చటపడి బొమ్మను తాకబోయాడు.

“వద్దు నాయనా! రెండు వందల ఏళ్లు గాలికీ తేమకూ ఓర్చుకున్న రంగు మన చేతి చెమటకు ఓర్చుకోలేదు. రాజు కట్టించి వెళ్లిపోయాడు. తరవాత దీనిని కాపాడవలసింది చూడవచ్చినవారే” అన్నారు మాస్టారు. కుర్రవాడు చేయి వెనక్కి తీసుకున్నాడు. కొన్ని బొమ్మలు అప్పటికే వెలిసిపోయి ఉండటం అతడు గమనించాడు.

ఆ రాత్రి భంజనగర్‌లో బస. ఘుముసర తిరుగుబాటును అణచడానికి 1830ల్లో వచ్చిన రస్సెల్ అనే ఆంగ్లేయుడి పేరున ఈ ఊరిని పూర్వం ‘రస్సెల్‌కొండ’ అనేవారు. దొర పేరు పక్కన ‘కొండ’ అనే తెలుగు మాట! స్వాతంత్ర్యానంతరం ఆ పేరు పోయి, కవిసమ్రాట్ ఉపేంద్ర భంజ పేరు మీద ఇది భంజనగర్ అయింది. ఆయన పుట్టిన కుళాడ ఇక్కడికి దగ్గరే. ఆయన రాసిన ‘వైదేహీశ విలాసం’లో ప్రతి పాదమూ ‘బ’ అక్షరంతోనే మొదలవుతుంది. ఒకే పద్యంలో రామాయణ భారత కథలను రెంటినీ చెప్పిన మన పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ మాస్టారికి గుర్తుకొచ్చింది. అక్షరంతో ఆడుకోవడం రెండు భాషల కవులకూ ఇష్టమేనని ఆయన పిల్లలకు చెప్పారు.

మరునాడు ఉదయం ఫలహారానికి ‘బరా ఘుగుని’ వచ్చింది. బరా అంటే మన వడే. ఘుగుని ఎండుబఠాణీల కూర. పక్క బల్ల మీద పూరీతో పాటు ఉప్మా కూడా వడ్డిస్తున్నారు. కుళాడ కొండ మీది బాఘదేవి అమ్మవారిని దర్శించుకుని మధ్యాహ్నానికి బరంపురం తిరిగివచ్చారు. భోజనంలో పప్పూ కూరగాయలూ కలిపి వండిన ‘డాల్మా’, నీళ్లలో నానబెట్టి పులియనిచ్చిన అన్నం ‘పఖాళ’, వడియాలు నలిపి వెల్లుల్లి, మిరపకాయ కలిపిన ‘బడి చూరా’ ఉన్నాయి.

“మా నానమ్మ తరవాణి అన్నం ఇలాగే ఉంటుందండీ!” అని ఒక అమ్మాయి ఆశ్చర్యపోయింది.

“అవునమ్మా. ఎండాకాలం అందరికీ ఒకటే. దానికి విరుగుడూ ఒకటే” అని మాస్టారు నవ్వారు.

భోజనాలయ్యాక బుఢీ ఠాకురాణి గుడికి వెళ్లారు. తెలుగుదేశం నుంచి వచ్చి స్థిరపడిన డేరా కులపు నేతగాళ్లకు ఈమె ఇంటి ఆడపడుచు. రెండేళ్లకొకసారి జరిగే యాత్రలో అమ్మవారు వారి పెద్ద అయిన దేశిబెహరా ఇంటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. అప్పుడు ఆమె ఒక్క కులానికే కాదు, ఊరంతటికీ ఆడపడుచు. ఆ నేతగాళ్ల మగ్గాల మీద పెరిగిన బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ చీర అంచు మీద గుడి శిఖరాల వరుస ఉంటుంది.

పొద్దువాలే వేళకు గోపాలపురం సముద్రతీరం చేరారు. ఒకప్పుడు ఈ రేవునుంచే కూలీలు ఓడలెక్కి బర్మా వెళ్లేవారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది కూడా ఇక్కడే. ఇసుకలో కొందరు జాలరులు వలలు బాగుచేసుకుంటున్నారు. తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటూ, చేపలు కొనవచ్చినవారికి ఒడియాలో ధర చెబుతున్నారు. ఒక భాష నేర్చుకున్నందుకు మరొకటి వారికి దూరం కాలేదు.

అర్థాలు

మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
ఆనవాలు = గుర్తు
తరవాణి = అన్నం, గంజి కలిపి పులియబెట్టిన నీరు
ఆడపడుచు = ఇంటి ఆడబిడ్డ
రేవు = ఓడలు ఆగే చోటు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. జౌగడ బండ మీద కళింగ యుద్ధ ప్రస్తావన ఎందుకు లేదని చరిత్రకారులు ఊహిస్తున్నారు?
2. బుగుడా గుడిలో మాస్టారు కుర్రవాణ్ణి ఎందుకు వారించారు?
3. బుఢీ ఠాకురాణి ఊరంతటికీ ఆడపడుచు ఎలా అయింది?

ఆ. సంధి విడదీసి పేరు రాయండి.

విద్యార్థి, సూర్యోదయం, దేవాలయం

ఇ. మీ ఇంట్లో పెద్దవారినడిగి అయిదు వంటకాల పేర్లను తెలుగులోనూ ఒడియాలోనూ సేకరించండి. వాటిలో ఒకదాని తయారీ విధానం రాయండి.