తెల్లదీపంలోని పసుపు పూత

1880వ సంవత్సరంలో వాషింగ్టన్ నగరంలో అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహాయకుడు టెయింటర్ కలిసి తీగ లేకుండా మాటను పంపించారు. ఒక పాఠశాల డాబా మీద పలచని అద్దం పెట్టి, దాని మీద ఎండ పడేటట్లు చేసి, అద్దం వెనుక నుంచి టెయింటర్ మాట్లాడాడు. మాటకు అద్దం కంపించింది. దాంతో అద్దం నుంచి పరావర్తనం చెందిన వెలుగులో హెచ్చుతగ్గులు వచ్చాయి. 213 మీటర్ల అవతల బెల్ ప్రయోగశాలలో ఉన్న సెలీనియం గ్రాహకం ఆ హెచ్చుతగ్గులను మళ్ళీ మాటగా వినిపించింది. ఈ ఫోటోఫోను మీద బెల్‌కు టెలిఫోను మీదకంటే మక్కువ ఎక్కువ. అయితే మబ్బు పట్టిందంటే సంభాషణ ఆగిపోయినట్టే!

సూర్యుణ్ణి మనం చెప్పినప్పుడల్లా వెలిగించి ఆర్పలేం గదా. పాతకాలపు ఫిలమెంటు బల్బుతోనూ అంతే. తీగ వేడెక్కాలి, మళ్ళీ చల్లారాలి. అర్ధవాహకంతో చేసిన ఎల్.ఇ.డి. వచ్చాకనే ఈ పనికి తగిన దీపం దొరికింది. విద్యుత్ ప్రవాహాన్ని ఎంత త్వరగా మారిస్తే వెలుగూ అంత త్వరగా మారుతుంది, కంటికి మాత్రం ఆ మార్పు తెలియదు. వెలుగు ఉంటే 1, లేకపోతే 0. అప్పట్లో ఎడింబరోలో ఆచార్యుడిగా ఉన్న హరాల్డ్ హాస్ 2011లో దీనికి 'లై-ఫై' అని పేరు పెట్టారు. 2023లో 802.11బిబి అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. మరి మన తరగతి గదిలో వెలిగే తెల్ల ఎల్.ఇ.డి. దీపం చేత సమాచారం మోయించడం ఎందుకింత కష్టమవుతోంది? కారణాలు అనేకం. వాటిలో పదార్థ శాస్త్రానికి చెందిన కారణం ఒకటి ఉంది. దాన్నే ఇక్కడ చూద్దాం.

నిజానికి తెల్ల ఎల్.ఇ.డి.లో తెల్లని వెలుగునిచ్చే పదార్థమేదీ లేదు. లోపల ఉన్నది గాలియం నైట్రైడ్ జాతికి చెందిన నీలిరంగు చిప్పు. నీలి ఎల్.ఇ.డి. సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఆ చిప్పు మీద పసుపుపచ్చని పూత ఒకటి ఉంటుంది. దీపం ఆరి ఉన్నప్పుడు చూస్తే కనబడేది అదే. ఇట్రియం అల్యూమినియం గార్నెట్ అనే స్ఫటికంలో కొద్దిగా సీరియం కలిపి చేసిన ఫాస్ఫర్ అది. నీలికాంతిలో కొంత భాగాన్ని తాను మింగి పసుపు కాంతిని వెలువరిస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిస్తే మన కంటికి తెలుపు అన్నమాట.

చిక్కంతా ఈ పూతలోనే ఉంది. నీలికాంతి తగిలిన సీరియం అయాను ఉత్తేజిత స్థితికి వెళ్ళి, సగటున 60, 70 నానోసెకన్లు అక్కడే ఉండి, ఆ తరువాత పసుపు కాంతిని విడుస్తుంది. 60 నానోసెకన్లంటే ఏపాటి? ఆ కాలంలో కాంతి 18 మీటర్లు వెళుతుంది, అంటే మన పెద్ద తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి తిరిగి వచ్చేటంత. గుడిగంట మోత తగ్గకముందే మళ్ళీ మళ్ళీ కొడితే దెబ్బలు విడివిడిగా వినబడవు గదా, ఇదీ అంతే. లెక్క కూడా సులభమే: 1ని 6.28తోనూ, ఈ జీవితకాలంతోనూ భాగిస్తే బ్యాండ్‌విడ్త్ వస్తుంది. 60 నానోసెకన్లకు అది సుమారు 26 లక్షల హెర్ట్జ్. పూత లేని నీలి చిప్పు ఒక్కటే అయితే సాధారణంగా కోటి, రెండు కోట్ల హెర్ట్జ్ దాకా పోగలదు. ఒక్కొక్క సంకేతంలో అనేక స్థాయిలు పెట్టి బిట్ల సంఖ్య పెంచే ఉపాయాలు లేకపోలేదు. అవి ఎలక్ట్రానిక్స్ వారి సంగతి.

సీరియాన్ని తిట్టుకోనవసరం లేదు. అందులో జరిగేది క్వాంటం నియమాలు అనుమతించిన సంక్రమణం, కాబట్టే అంత త్వరగా అయినా జరుగుతోంది. మంచి ఎరుపు కోసం కొన్ని దీపాల్లో వాడే మాంగనీసు ఫ్లోరైడ్ ఫాస్ఫర్‌లో నిషిద్ధ సంక్రమణం జరుగుతుంది. దాని జీవితకాలం 8 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. అదే లెక్క వేస్తే 20 హెర్ట్జ్ వస్తుంది! రంగుల అందానికి అది మేలైనదే గాని, వార్తలు మోయడానికి పనికిరాదు.

అయితే జీవితకాలం తగ్గించేస్తే సరిపోతుందా? ఇక్కడే విద్యార్థులు తరచు పొరబడతారు. ఉత్తేజిత స్థితిని రెండు తూములున్న నీళ్ళ తొట్టి అనుకోండి. ఒక తూము పొలానికి, అంటే కాంతికి. రెండోది మురుగుకాలువకు, అంటే వృథా ఉష్ణానికి. ఏ తూము పెద్దది చేసినా తొట్టి త్వరగానే ఖాళీ అవుతుంది. స్ఫటికంలో లోపాలు పెంచితే రెండో తూము పెద్దదై జీవితకాలం చక్కగా తగ్గుతుంది, దీపం కూడా చక్కగా మసకబారుతుంది. కనుక ఎవరైనా "మా పదార్థం 2 నానోసెకన్లలో వెలుగుతుంది" అంటే, "నూరు ఫోటాన్లు మింగి ఎన్ని తిరిగి ఇస్తుంది?" అని వెంటనే అడగాలి. ఆ రెండో అంకె లేనిదే మొదటి అంకెకు విలువ లేదు.

ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గి పేరు తెచ్చుకున్నవి పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు. సీజియం, సీసం, బ్రోమిన్‌లతో చేసిన ఈ రేణువుల్లో పెద్ద తూము కాంతిదే. జూరిచ్ పరిశోధకులు 2015లో వీటిని ప్రకటించారు. మరుసటి ఏడే సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం వారు ఈ పచ్చని రేణువులకు ఒక ఎరుపు ఫాస్ఫర్ జోడించి, నీలి లేజరుతో ఉత్తేజపరచి, తెల్లని వెలుగు మీద సెకనుకు 200 కోట్ల బిట్లు పంపగలిగారు. మరి ఇంతటి పదార్థం బజారు బల్బులోకి ఎందుకు రాలేదంటే, తేమకూ వేడికీ అది త్వరగా పాడవుతుంది. పైగా అందులో సీసం ఉంది. ఇంటింటా వెలిగి, చివరకు చెత్తకుప్పలో చేరే వస్తువులో సీసం ఉండటం నా మటుకు చిన్న అభ్యంతరం కాదు. సీసం లేని పెరోవ్‌స్కైట్లు లేకపోలేదు, కాని వాటిలో అనేకం మళ్ళీ నెమ్మదిగానే వెలుగుతాయి.

చిప్పునే చిన్నది చేయడం వేరొక దారి. 2014లో బ్రిటన్‌లో ఒకే ఒక మైక్రో ఎల్.ఇ.డి.తో సెకనుకు 300 కోట్ల బిట్లు పంపారు, దూరం మాత్రం కొద్ది సెంటీమీటర్లే. అంత చిన్న చిప్పుతో గది వెలగదు.

ఇదంతా మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనే చూడవచ్చు. సిగ్నల్ జనరేటరు నుంచి 10 లక్షల హెర్ట్జ్ చతురస్ర తరంగం ఇచ్చి, మామూలు తెల్ల ఎల్.ఇ.డి.ని వెలిగించండి. ఎదురుగా రివర్స్ బయాస్‌లో ఫోటోడయోడు పెట్టి, దానికి 50 ఓముల నిరోధం తగిలించి ఆసిలోస్కోపులో చూడండి. నిరోధం పెద్దదైతే డయోడే నెమ్మదించి మిమ్మల్ని మోసం చేస్తుంది. తరంగం దిగే అంచు తోకలా సాగి కనబడుతుంది. ఇప్పుడు మధ్యలో నీలిగాజు అడ్డం పెడితే అంచు నిటారుగా నిలబడుతుంది, ఎత్తు మాత్రం బాగా తగ్గుతుంది. జ్వాలా పరీక్షకు వాడే కోబాల్టు గాజు కొంత ఎరుపును కూడా వదులుతుంది గాని, ఈ పనికి సరిపోతుంది. ఒక్క గంటకని అడిగితే రసాయనశాస్త్ర విభాగం వారు కాదనరు.