శాస్త్ర సలహా – పాలకుల నిర్ణయం

హితవు చెప్పడం మంత్రి ధర్మం, విని నిర్ణయించడం రాజు ధర్మం అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ప్రజాస్వామ్య యుగంలో హితవు చెప్పే బాధ్యతలో శాస్త్ర నిపుణులకూ భాగం లభించింది. ఈ రెండు ధర్మాల మధ్యనున్న సరిహద్దు మామూలు రోజులలో ఎవరి కంటా పడదు. విపత్తు సంభవించినప్పుడే దాని విలువ తెలుస్తుంది. 2020లో కోవిడ్ మహమ్మారి వేళ బ్రిటన్‌లో జరిగిన పరిణామాలు ఇందుకు నిదర్శనం.

అత్యవసర సమయాలలో బ్రిటన్ ప్రభుత్వానికి శాస్త్రీయ సలహాలు ఇవ్వడానికి 'సేజ్' అనే బృందం ఉంది. వైద్యులు, అంటువ్యాధుల నిపుణులు, గణిత శాస్త్రజ్ఞులు, మానవ ప్రవర్తనను అధ్యయనం చేసేవారు ఇందులో ఉంటారు. కోవిడ్ కాలంలో ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు పాట్రిక్ వాలెన్స్, ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ దీనికి సారథ్యం వహించారు. ఏ మార్గాన నడిస్తే ఏమి జరగవచ్చునో చెప్పడం వరకే ఈ బృందం పని. నిర్ణయాధికారం ప్రధానమంత్రిది, మంత్రివర్గానిది.

2020 జనవరి 31న బ్రిటన్‌లో తొలి కేసులు నిర్ధారణ అయ్యాయి. ఫిబ్రవరి నెల తగిన సన్నాహం లేకుండానే గడిచిపోయింది. పరీక్షలు చేసే సామర్థ్యం స్వల్పం కావడంతో వ్యాధి ఎంత వ్యాపించిందో శాస్త్రజ్ఞులకు సైతం స్పష్టంగా తెలియలేదు. మార్చి 16న లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకుల నివేదిక వెలువడింది. వ్యాప్తిని కొంత నెమ్మదింపజేసి ఊరుకుంటే సుమారు రెండున్నర లక్షలమంది మరణించవచ్చునని అది హెచ్చరించింది. మార్చి 23న ప్రధాని బోరిస్ జాన్సన్ లాక్‌డౌన్ ప్రకటించారు.

శాస్త్రం చెప్పినట్లే నడుచుకుంటున్నామని ఆ రోజులలో మంత్రులు పదే పదే ప్రకటించారు. వినడానికి ఈ మాట వినయంగానే ఉంటుంది. కాని శాస్త్రం ఎంతమంది వ్యాధిగ్రస్తులు కావచ్చునో అంచనా వేయగలదే తప్ప, ప్రాణరక్షణ కోసం చదువులకు, ఉపాధికి ఎంత నష్టాన్ని సహించాలో నిర్ణయించలేదు. అది ప్రజలకు జవాబుదారులైన పాలకులు తేల్చవలసిన విషయం. పైగా మే నెల వరకు సేజ్ సభ్యుల పేర్లను ప్రభుత్వం వెల్లడించలేదు. అందువల్ల సలహా ఏదో, నిర్ణయం ఏదో ప్రజలు వేరుచేసి చూడలేకపోయారు.

సెప్టెంబరు నాటికి వ్యాధి మళ్ళీ పుంజుకుంది. స్వల్పకాలిక లాక్‌డౌన్‌ను పరిశీలించవలసిందని ఆ నెల 21న సేజ్ సూచించింది. ప్రభుత్వం ఆర్థిక నష్టానికి వెరచి, మద్యశాలలను రాత్రి పది గంటలకు మూయించడం వంటి తేలికపాటి ఆంక్షలతో సరిపెట్టింది. చివరకు నవంబరు 5న ఇంగ్లండ్‌లో లాక్‌డౌన్ విధించక తప్పలేదు. మొదటిసారి సలహా, నిర్ణయం రెండూ ఆలస్యమయ్యాయి. రెండవసారి సలహా సకాలంలోనే అందింది, నిర్ణయమే ఆలస్యమైంది.

ఆ పాలకులే, ఆ దేశపు శాస్త్రజ్ఞులే విజయాలనూ సాధించారు. చౌకగా లభించే డెక్సామెథాసోన్ తీవ్ర రోగుల ప్రాణాలను కాపాడగలదని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020 జూన్‌లో నిరూపించారు. డిసెంబరు 8న టీకాల కార్యక్రమం ఆరంభమైంది. లక్ష్యం స్పష్టంగా ఉన్నచోట సలహా, నిర్ణయం కలిసి నడిచాయి.

హెదర్ హాలెట్ అధ్యక్షతన జరిగిన బహిరంగ విచారణ 2025 నవంబరులో తన నివేదికను వెలువరించింది. ప్రభుత్వ చర్యలు చాలీచాలనివని, అవి కూడా ఆలస్యంగా వచ్చాయని అది తేల్చింది. లాక్‌డౌన్ ఒక్క వారం ముందు విధించి ఉంటే తొలి విడతలో ఇంగ్లండ్‌లోనే సుమారు 23,000 మరణాలు తగ్గి ఉండేవని అంచనా వేసింది. ఆ వారం విలువ అన్ని కుటుంబాల కన్నీరు. తెలిసినంత మేరకు నిర్భయంగా చెప్పడం శాస్త్రజ్ఞుని కర్తవ్యం. విని, నిర్ణయించి, ఫలితానికి తానే బాధ్యత వహించడం పాలకుని కర్తవ్యం.

అర్థాలు
హితవు – మేలు కోరి చెప్పే మాట
నిదర్శనం – ఉదాహరణ
సన్నాహం – ముందస్తు ఏర్పాటు
వెరచి – భయపడి

ప్రశ్నలు
1. సలహాకు, నిర్ణయానికి గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 2020 మార్చి, సెప్టెంబరు నెలల పరిణామాలను పోల్చండి.
3. శాస్త్రం నిర్ణయించలేని విషయం ఏది? ఎందువల్ల?