ఆరోగ్య పాఠము: వెన్నపండు

మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయము 19వ వచనము మనలో చాలామందికి కంఠస్థమే. అది పొగాకు, సారాయి గురించి మాత్రమే అనుకుంటాము గాని, మనము రోజూ తినే పళ్లెము కూడా దాని కిందికే వస్తుంది.

వెన్నపండును కన్నడిగులు బెణ్ణె హణ్ణు అనీ, తమిళులు వెణ్ణెయ్ పళం అనీ అంటారు. బజారులో మాత్రం బటర్ ఫ్రూట్, లేదా అవకాడో. దీని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతము. మన దేశములో కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటలలో, నీలగిరి, పళని కొండలలో పండుతుంది. కాబట్టి కర్ణాటక, తమిళనాడు సంఘములవారికి ఇది కొత్త కాదు. మిగతావారు పట్టణపు దుకాణములో చూసి, ధర విని ముందుకు నడిచి ఉండవచ్చు. అందుకు చింతపడనక్కర లేదు. జామపండు, గుప్పెడు వేరుశెనగలు కూడా దేవుడిచ్చిన మంచి ఆహారమే.

ఈ పండు తియ్యగా ఉండదు. 100 గ్రాముల గుజ్జులో చక్కెర ఒక గ్రామైనా లేదు. కొవ్వు సుమారు 15 గ్రాములు, పీచు సుమారు 7 గ్రాములు. కొవ్వు అనగానే భయపడకండి. అందులో ఎక్కువ భాగము ఆలివ్ నూనెలో ఉండే రకమే. వెన్న, వనస్పతి బదులు దీనిని వాడితే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. క్యారెట్ వంటి కూరల పచ్చిముక్కలతో కలిపి తింటే వాటిలోని కెరోటిన్ ఒంటికి బాగా పడుతుందని 2005లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయము వారు ప్రకటించారు. కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థము గనుక అలా జరుగుతుంది.

అయితే మనము తింటున్నది ఎలా? జ్యూస్ షాపులో బటర్ ఫ్రూట్ మిల్క్ షేక్ అంటే పాలు, నాలుగు చెంచాల పంచదార, పైన ఐస్ క్రీమ్. పండులో లేని చక్కెరను మనమే పోస్తున్నాము! మన సంఘాలలో షుగరు ఉన్నవారిని చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. దానికి బదులు సగము పండు మెదిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసము, ఉప్పు కలపండి. చపాతీకి, జొన్నరొట్టెకు, దోసెకు బాగుంటుంది. పెరుగుపచ్చడి కూడా చేయవచ్చు. పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏమీ కలపకుండా మెత్తగా మెదిపి పెట్టవచ్చు.

ఇది చెట్టున మెత్తబడదు, కోసిన తరువాతనే పండుతుంది. గట్టి కాయను అరటిపండుతో కలిపి కాగితములో చుట్టి ఉంచితే త్వరగా పండుతుంది.

బాగా మెత్తబడిపోయినదానిని, బూజు పట్టకపోతే, ఒంటికి వాడుకోవచ్చు. పొడిబారిన జుట్టుకు, గరుకు మడమలకు గుజ్జు రాసి ఇరవై నిమిషాల తరువాత కడిగితే మెత్తబడతాయి. షుగరు ఉన్నవారి మడమ పగిలి పుండు పడితే మాత్రం ఏమీ రాయక డాక్టరుకు చూపించండి. జుట్టు మొలిపిస్తుందని సీసాల మీద రాసేది నేనైతే నమ్మను.

ఇక ముఖ్యమైన సంగతి. గింజను పొడి చేసి కషాయము తాగితే షుగరు, కాన్సరు పోతాయని ఫోనులలో సందేశములు తిరుగుతున్నాయి. ప్రార్థన కూడికల గ్రూపులలోకి కూడా వస్తున్నాయి. దీనికి రుజువు లేదు. ఇది ఆహారము గాని మందు కాదు. దీనిని నమ్మి ఒక్కరు కూడా మాత్రలు మానకూడదు. స్త్రీల సమాజము వారు ఇంటింటికి వెళ్లినప్పుడు వృద్ధులకు ఈ మాట తప్పక చెప్పండి. ఈ పండులో పొటాషియం ఎక్కువ గనుక కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే తినాలి. రక్తము గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఒక్కసారిగా ఎక్కువ తినడము మొదలుపెట్టకూడదు. రబ్బరు తొడుగులు పడనివారికి ఇది కూడా పడకపోవచ్చు.

పెరటిలో ఈ చెట్టు ఉన్నవారు ఆకులు, తొక్కలు, గింజలు మేకలకు, కోళ్లకు, పంజరములోని చిలుకలకు వేయవద్దు. వాటికి అది విషము.